పడమటి వైపు పదహారు తెరలు

కౌకూర్‌లో మేముండే ఇంటి ముందుగదికి రెండు కిటికీలు. ఒకటి పడమరకు, ఒకటి ఉత్తరానికి. మూడు నెలలకోసారి, నెలలో మొదటి ఆదివారం చర్చి నుంచి రాగానే, రెండు కిటికీల తెరలూ దించి దీనివి దానికి, దానివి దీనికి తగిలిస్తాను. ఈమధ్య మోకాళ్లు సహకరించక, స్టూలు పట్టుకోవడానికి పక్కింటి అమ్మాయిని పిలిచాను. ఆ అమ్మాయి ఒక హోటల్లో గదులు సర్ది చూసుకునే ఉద్యోగంలో కొత్తగా చేరింది.

"రెండు కిటికీలయి ఒక్క తీరుగనే ఉన్నయి గదా అవ్వా. మార్చి ఏం ఫాయిదా?" అంది నవ్వుతూ.

"మారుస్తున్న గనుకనే ఒక్క తీరుగున్నయి" అన్నాను.

చాదస్తం అనుకున్నట్టుంది. అనుకోనీ. కానీ అలాంటి పనిలో కొత్తగా చేరింది ఆ అమ్మాయి ఒక్కతే కాదు. అందుకని నా ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి రాస్తున్నాను. ఇందులో తెరల గురించి నాలుగు మంచి మాటలుంటాయి. నా గురించి అన్నీ మంచి మాటలుండవు.

మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ మధ్య ఒక శిక్షణ కేంద్రం ఉంది. జిల్లాల నుంచి ఉద్యోగులు వచ్చి వారం, పది రోజులు ఉండి పాఠాలు విని పోతుంటారు. దాని వసతి గృహంలో బట్టల గది పంతొమ్మిదేళ్ల నాలుగు నెలలు నా చేతిలో ఉంది. దుప్పట్లు, తువ్వాళ్లు, దిండు గలీబులు, తెరలు. ఏది ఎప్పుడు వచ్చింది, ఎన్నిసార్లు ఉతుక్కు పోయింది, ఎప్పుడు చిరిగింది, అన్నీ తేదీలతో పుస్తకాల్లో ఉండేవి. పుస్తకాలు మొత్తం ముప్పై ఒకటి. తెరలకు విడిగా ఒకటి ఉండేది. దాన్ని కిటికీల పుస్తకం అనేదాన్ని.

నాతో పనిచేసిన ఇద్దరి గురించి చెప్పాలి. ఒకరు మా బట్టలు ఉతికే మనిషి. మేడ్చల్ అవతల ఆయనకు సొంత బోరు, నాలుగు సిమెంటు తొట్లు, చెట్ల నీడలో కట్టిన తాళ్లు ఉండేవి. ఆయన, భార్య, కొడుకు, కోడలు నలుగురూ అదే పని. పెళ్లిళ్ల షామియానా బట్టలు ముహూర్తాలున్నప్పుడే వస్తాయి. ఏడాది పొడుగునా ఆ ఇంటిని నడిపేది మా కేంద్రం మూటే. నేను ఆయన్ను అన్నా అనేదాన్ని, ఆయన నన్ను అక్కా అనేవాడు. ఇద్దరిలో పెద్ద ఎవరో తేల్చుదామని ఒకసారి పుట్టిన తేదీ అడిగాను.

"జొన్నలు కోసేటప్పుడు పుట్టిన్నట, మా నాయిన జెప్పిండు" అన్నాడు.

"ఏ ఏడు?"

"గది జెప్పలే. జొన్నలు ఏటేటా కోస్తరు గదక్కా!"

తేదీ లేని మనిషి నాకు అంతకు ముందు తెలియదు. చాలా ఇబ్బందిగా అనిపించింది.

రెండో ఆమె మా దర్జీ. శామీర్‌పేట దగ్గరి పల్లెలో వ్యవసాయం చేసుకునే ముస్లిం కుటుంబం. మంగళ, శుక్రవారాలు వచ్చి మిషను ముందు కూర్చునేది. నాకన్నా పన్నెండేళ్లు చిన్న. అక్కా అన్నట్టు నన్ను ఆపా అని పిలిచేది. చేతిలో పని ఎంత వేగమో నోట్లో మాటా అంతే.

ఇక నా నియమం సంగతి. పాత భవనంలో కిటికీలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉండేవి. ఒకదాని తెర ఎనభై నాలుగు అంగుళాలు, పక్కదానిది ఎనభై ఒకటి. నేను చేరిన ఏడే, ఉతుకు నుంచి వచ్చినవాటిని ఎవరో కలగాపులగంగా తగిలించారు. బయటి నుంచి వచ్చిన ఒక పెద్దాయన భోజనాల దగ్గర, "నా గదిలో తెరలు వాగు దాటుతున్నట్టు పైకి ఎత్తుకున్నాయేమిటండీ" అన్నాడు. భోజనాల హాలంతా నవ్వింది. ఆ మధ్యాహ్నమే ఎర్రదారం తీసుకుని ప్రతి తెర అంచు మీదా దాని కిటికీ నంబరు కుట్టడం మొదలుపెట్టాను. ఏ కిటికీ తెర ఆ కిటికీకే. ఎడమది ఎడమకే, కుడిది కుడికే. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు.

తర్వాత కొత్త భవనం కట్టారు. ఇరవై నాలుగు గదులు, గదికో కిటికీ. పన్నెండు తూర్పుకు, పన్నెండు పడమరకు. పడమర వైపు చెరువు కనిపిస్తుంది కనుక ఆ గదులకే గిరాకీ. కిటికీలన్నీ నేనే టేపుతో కొలిచాను. అన్నీ ఒకే కొలత, నూలు పోగంత తేడా లేదు. అంటే తెరలకు నంబర్ల అవసరమే లేదు. అయినా కుట్టించాను. కిటికీకి రెండు చొప్పున నలభై ఎనిమిది తెరలు, నలభై ఎనిమిది నంబర్లు. ప-3-ఎ అంటే పడమర మూడో కిటికీ ఎడమ తెర. అవసరం పోయాక కూడా నియమం మిగిలిపోయింది. అది నాకు తప్పుగా తోచలేదు, శ్రద్ధగా తోచింది.

ఆ శ్రద్ధలో పనికొచ్చేవి చాలా ఉన్నాయి, కాదనను. గుడ్డ కత్తిరించక ముందే ఒకసారి తడిపి ఆరబెట్టించేదాన్ని, కుట్టాక కుంచించుకుపోకుండా. తెర అంచు నేలకు అర అంగుళం పైన ఉండాలి, నేల తగిలితే తుడుపు గుడ్డ మురికంతా అదే పీల్చుకుంటుంది. వారానికోసారి పైనుంచి కిందికి మెత్తని బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఉతుక్కు వేసే ముందు కొక్కేలన్నీ తీయాలి, చల్లని నీళ్లలో నానబెట్టాలి, పిండకూడదు, నీడలో ఆరేయాలి, కాస్త తడి ఉండగానే తగిలిస్తే దాని బరువుకే ముడతలు సాగిపోతాయి. ఇవన్నీ చేశాను. ఒక్కటి చేయలేదు.

కొత్త భవనం తెరలకు రెండేళ్లు నిండిన తర్వాత ఒక మంగళవారం, మా దర్జీ పడమర తెర ఒకటి ఒళ్లో వేసుకుని, వెనక ఎండ కాయడానికి కుట్టిన అస్తరు గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూస్తోంది.

"ఆపా, గీ పడమర పర్దాలు తూర్పుకు, తూర్పుయి పడమరకు ఒకపారి మారుద్దామా?"

"ఎందుకు?"

"రొట్టెను ఒక్క దిక్కే కాలిస్తే మాడతది గద. గోడను తిప్పలేం, పర్దాను తిప్పొచ్చు."

"నంబర్లున్నయి కద."

"నంబర్లకు ఎండ తల్గుతదా ఆపా?"

"నంబర్లు మారిస్తే నా పుస్తకం మొత్తం మారాలె. కుదరది" అన్నాను.

ఆమె నవ్వి మిషను తొక్కడం మొదలుపెట్టింది. నేను నా అలవాటు ప్రకారం కిటికీల పుస్తకం తెరిచి ఆ రోజు తేదీ కింద రాశాను: తూర్పు, పడమర తెరలు తారుమారు చేద్దామని దర్జీ అడిగింది. కుదరదన్నాను.

ఆ తర్వాత రెండేళ్లకు, ఏప్రిల్ నెలలో, ఒక పెద్ద సదస్సు ముందు కొత్త భవనం తెరలన్నీ ఉతుక్కు ఇచ్చాను. ఒక పడమర గదిలో దిగినాయన తాళంచెవి జేబులో వేసుకుని ఊరెళ్లాడు. ఆ గది రెండు తెరలు పోగా నలభై ఆరు. గురువారం మధ్యాహ్నం మూట వచ్చింది. మామూలుగా గేటు దగ్గర నుంచే "అక్కా, లెక్కవెట్టుకో!" అని కేక వేసే మనిషి, ఆ రోజు మూట గుమ్మంలో దించి మెట్టు మీద కూర్చున్నాడు.

"అక్కా, పర్దాల అస్తర్లు పోయినయి."

"పోయినయంటే?"

"నీళ్లల్ల నానవెట్టి లేపితే పీలికలైనయి. నేను రుద్దలే, పిండలే. ఎప్పటి తీరుగనే జేసిన. కొన్ని మంచిగొచ్చినయి, కొన్ని గిట్లొచ్చినయి. నాకే సమజైతలేదు."

లెక్కపెట్టాను. పదహారు తెరల వెనక అస్తరు నిలువునా చీలి దారాలు వేలాడుతున్నాయి.

మేనేజరు వచ్చి చూశాడు. నగరం నుంచి రోజూ కారులో వచ్చే కుర్రాయన, చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. "బ్లీచింగ్ వేసి ఉంటాడు. మీకేమనిపిస్తుంది మేడమ్?"

ఇక్కడ నేనన్న మాట మరిచిపోలేదు. "వాళ్లింటి దగ్గర బ్లీచింగ్ పౌడరు డబ్బా నా కళ్లతో చూసిన" అన్నాను. అది నిజమే. సంక్రాంతి ముందు ఒక దుప్పటి లెక్క తేడా వస్తే వాళ్లింటికి వెళ్లాను. తొట్టి పక్కన నీలం డబ్బా, దాని మీద అక్షరాలు, అన్నీ చూశాను.

"అయితే ఇంకేం, రిపోర్టు రాసివ్వండి. సోమవారం పదకొండింటికి పిలుద్దాం. బహదూర్‌పల్లిలో మిషన్ల మీద ఉతికేవాళ్లు ఎప్పటి నుంచో అడుగుతున్నారు."

శుక్రవారం రిపోర్టు రాశాను. ఐదు వరుసలు. సంతకం, తేదీ. సాయంత్రం నాలుగింటికి ఆయన బల్ల మీద పెట్టాను.

శనివారం మేనేజరుకు సెలవు, నాకు లేదు. రిపోర్టుకు వెనక ఒక పట్టిక జతచేస్తే పద్ధతిగా ఉంటుందనిపించింది. ఏ నంబరు తెర, వయసెంత, ఎన్ని ఉతుకులు. చిరిగినవాటిని బల్ల మీద పరిచి అంచు మీది ఎర్రదారం చూసి రాసుకుంటూ పోయాను. ప-1-ఎ. ప-1-కు. ప-2-ఎ. ప-2-కు. పదహారూ రాశాక కలం ఆగింది. పదహారూ పడమరవే. తూర్పుది ఒక్కటి లేదు.

నలభై ఆరూ ఒకే రోజు, అవే తొట్లలో, అవే నీళ్లలో కలిపి ఉతికారు. బ్లీచింగ్ వేస్తే అది దిక్కు చూసి తినదు కదా.

మరి పడమరవి ఉతికినవి ఇరవై రెండు, చిరిగినవి పదహారే. మిగిలిన ఆరూ ఏమిటని చూశాను. పది, పదకొండు, పన్నెండు. కింది అంతస్తులో చివరి మూడు కిటికీలు. వాటి ఎదురుగా పెద్ద నిద్రగన్నేరు చెట్టుంది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా నీడే. ఎనిమిది కిటికీలు ఎండలో, పదహారు తెరలు చిరిగాయి. మూడు కిటికీలు నీడలో, ఆరు తెరలు నిలిచాయి. మిగిలిన ఒక్క కిటికీ తాళం వేసిన గది. నా జీవితంలో ఇంత చక్కగా సరిపోయిన లెక్క ఇంకోటి లేదు, సరిపోకూడదని ఇంతగా కోరుకున్న లెక్కా లేదు.

పాత పేజీలు తిప్పాను. నా అక్షరాలు, నా తేదీ. కుదరదన్నాను.

దాచుకోకుండా చెబుతాను. ఆ పుస్తకం నేను తప్ప ఎవరూ తెరవరు. ఆ పేజీ ఉన్నట్టు నాకొక్కదానికే తెలుసు. పదవీ విరమణకు పద్నాలుగు నెలలుంది, అప్పటిదాకా నా మీద ఒక్క కాగితం లేదు. పట్టిక లేకపోయినా రిపోర్టు రిపోర్టే. పుస్తకం మూసి బీరువాలో పెట్టి తాళం వేసి ఇంటికొచ్చాను. ఆదివారం చర్చిలో వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు. నా ముందు వరుసలో ఉన్న కిటికీ తెరనే చూస్తూ కూర్చున్నాను. ఎండ పడినంత మేర అది వెలిసిపోయి ఉంది. ఆ చర్చికి పాతికేళ్లుగా వస్తున్నాను, అంతకు ముందెప్పుడూ అది చూడలేదు.

సోమవారం పదకొండింటికి మేనేజరు గదిలో నలుగురం. బల్ల మీద నా రిపోర్టు, పక్కన బహదూర్‌పల్లి వాళ్ల కార్డు. అస్తర్లకు ఎంత గుడ్డ కావాలో చెప్పడానికని మా దర్జీని కూడా రమ్మన్నారు. ఉతికే ఆయన ఉతికిన చొక్కా వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఏమన్న అనక ముందు ఒక్కపారి పడమర తొమ్మిదో గదికి రండి. నిన్న ఖాళీ అయింది" అన్నాను.

"అక్కడేముంది?"

"ఉతుక్కు పోని తెరలు రెండున్నయి."

నలుగురం కొత్త భవనానికి వెళ్లాం. తెరలు వేలాడుతున్నాయి, ముందు నుంచి చూస్తే కొత్తవే. వెనక్కి తిప్పి అస్తరు మీద చూపుడు వేలు పెట్టి కొద్దిగా నొక్కాను. వేలు అవతలికి వచ్చింది. పక్కన ఇంకోచోట నొక్కాను. అక్కడా అంతే, ఎండిన ఆకులాగా. తర్వాత పై మడత విప్పి, ఎండ తగలని లోపలి గుడ్డను రెండు చేతులా పట్టి గుంజాను. అది చెక్కుచెదరలేదు.

"ఇది నీళ్లు జూడలే సార్. దీన్ని ఎవరు జింపినరు?"

మేనేజరు తానే వేలు పెట్టి చూశాడు. ఇంకో చిల్లు పడింది. చిన్నపిల్లాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మరి బ్లీచింగ్ డబ్బా?"

"గా నీలం డబ్బానా సార్?" అప్పటికి ఉతికే ఆయన నోరు విప్పాడు. "అండ్ల బ్లీచింగ్ అయిపోయి రెండేండ్లాయె. కోళ్లకని జొన్నలు పోసి పెట్టిన. మేడం మూత తీసి సూడలే."

నేను మూత తీయలేదు. నా కళ్లతో చూసింది డబ్బా మీది అక్షరాలనే.

"అయితే తప్పెవరిదంటారు?" అన్నాడు మేనేజరు.

కిటికీల పుస్తకం చంకలోనే ఉంది. పేజీ తెరిచి వేలు పెట్టి చూపించాను. "నాది. మార్చమని ఈమె అడిగింది. ఇదిగో తేదీ. నేను కుదరదన్న. నాలుగేండ్లు ఒక్క దిక్కే కాలినయి."

దర్జీ తొంగి చూసింది. తనకు తెలుగు చదవడం కొంచెం వచ్చు. కూడబలుక్కుని చదివి నా ముఖం వైపు చూసింది.

"హాయ్ ఆపా! రెండేండ్ల కింద నేనన్న మాట రాసి పెట్టుకున్నవా? గా రాసే టైములనే ఒక కిటికీ మారుస్తుంటిమి గద!"

మేనేజరు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, ఆ తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. ఉతికే ఆయన ఒక్కడే నవ్వలేదు.

బహదూర్‌పల్లి కార్డు సొరుగులోకి పోయింది. నన్ను వివరణ అడిగారు, రాసిచ్చాను. ఇకపై జాగ్రత్త వహించవలెనని ఒక మెమో వచ్చింది. నా ఫైల్లో ఉన్న మెమో అదొక్కటే, దాని నకలు ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ వారమంతా దర్జీ మిషను తొక్కి కొత్త అస్తర్లు వేసింది. నలభై ఎనిమిది నంబర్లనూ నేనే బ్లేడుతో విప్పాను. ఎర్రదారం పోయినా సూది గుచ్చిన చిల్లులు వరుసగా మిగిలాయి, వేలితో తడిమితే నంబరు తెలిసేది. అప్పటి నుంచి ప్రతి ఉతుక్కూ తూర్పువి పడమరకు, పడమరవి తూర్పుకు, ఎడమవి కుడికి. పుస్తకంలో ఎన్నో ఉతుకు అన్న లెక్క ఒక్కటే మిగిలింది. నేను దిగిపోయేదాకా ఒక్క అస్తరు చిరగలేదు.

కానీ మా ఉతికే ఆయన మూడు వారాలు నాతో లెక్క మాటలు తప్ప వేరే మాట్లాడలేదు. అక్కా అనడం మానేసి మేడం అన్నాడు. గేటు దగ్గర కేక లేదు. మూట దించడం, నేను లెక్కపెట్టడం, ఆయన పోవడం.

నాలుగో వారం మూట దించి నిలబడ్డాడు.

"నువ్వు నా మీద రాసిన కాయితం ఉన్నదా?"

"ఉంది. సార్ వాపసిచ్చిండు."

"సదువు."

"అయిపోయిన ముచ్చట ఎందుకే అన్నా..."

"నాకు సదువు రాదు. నా మీద ఏం రాసినవో నాకు దెల్వాలె గద. సదువు."

బీరువా తీసి కాగితం తెచ్చాను. నిలబడే చదివాను. "ఉతుక్కు ఇచ్చిన నలభై ఆరు తెరలలో పదహారు, ఉతుకులో నిర్లక్ష్యము వలన పాడైనవి. ఉతుకు వ్యక్తి వద్ద బ్లీచింగ్ పౌడరు ఉండుట నేను స్వయముగా చూచితిని. పలుమార్లు హెచ్చరించినను ప్రయోజనము లేదు."

"పలుమార్లంటే?"

"శానసార్లు."

"నన్నెప్పుడు హెచ్చరించినవ్?"

ఒక్కసారి కూడా హెచ్చరించలేదు. అలాంటి కాగితాల్లో అలా రాయడం ఆనవాయితీ, కలం దానంతటదే రాసేసింది. ముప్పై ఒక్క పుస్తకాల్లో తేదీ లేని మాట రాయని నేను, తేదీ లేని ఆ ఒక్క మాటను ఒక మనిషి మీద రాశాను. ఆ సంగతే ఆయనతో చెప్పాను.

"ఇంకేమున్నది?"

"ఇతనిపై ఇకముందు నమ్మకముంచుట కష్టము. గంతే. కింద నా సంతకం."

"తేదీ ఎయ్యలేదా?"

"ఏసిన."

"గది గూడ సదువు."

చదివాను. ఆయన చెయ్యి చాచాడు. కాగితం ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. తర్వాత వంగి మూట విప్పి, పై తెర తీసి దులిపి, రెండు కొసలు తాను పట్టుకుని మిగతా రెండు నా వైపు విసిరాడు. ఇద్దరం వెనక్కి జరిగి బిర్రుగా లాగాం, ఎప్పుడూ చేసినట్టే.

"ఇగ లెక్కవెట్టుకో అక్కా" అన్నాడు. "ఇది ఒకటి."